కయ్యానికీ వియ్యానికీ ఒకటే కౌంటర్

పాప్ సూపర్‌స్టార్లు డబ్బు కోసం కొట్టుకుంటారనీ, మళ్లీ ఆ డబ్బు కోసమే కలిసిపోతారనీ కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. ఈ దుష్ప్రచారాన్ని ఖండించాల్సిన బాధ్యత నా మీద పడింది. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలని పెద్దలు ఏనాడో చెప్పారు. ఆ ఉజ్జీని తూచే త్రాసును మాత్రం సంగీత పరిశ్రమే కనిపెట్టింది. దాని పేరు చార్ట్, అంటే ఏ వారం ఏ పాట ఎంత అమ్ముడైందో వరస కట్టి చెప్పే పట్టిక.

1995 ఆగస్టు 14న బ్రిటన్‌లో బ్లర్, ఒయాసిస్ బ్యాండ్లు ఒకేరోజు చెరో సింగిల్ (విడిగా అమ్మే ఒక్క పాట) విడుదల చేశాయి. దేశంలో ఇంకే సమస్యా మిగలనట్టు టీవీ వార్తల్లోనూ అదే గొడవ. చివరికి బ్లర్ 2,74,000 కాపీలు, ఒయాసిస్ 2,16,000 కాపీలు అమ్మాయి. బ్లర్ గెలిచిందని చరిత్రలో రాసుకున్నారు. ఒకే వారంలో ఐదు లక్షలకు కాస్త తక్కువగా సరుకు కదిలితే, ఇందులో ఓడిందెవరో అమ్మినవాళ్లకు ఇప్పటికీ అర్థమై ఉండదు.

2007 సెప్టెంబర్ 11న అమెరికాలో ఇదే యజ్ఞం ఇంకాస్త ఘనంగా జరిగింది. కాన్యే వెస్ట్, 50 సెంట్ అనే ఇద్దరు ర్యాప్ గాయకులు ఒకేరోజు ఆల్బమ్‌లు తెచ్చారు. ఓడితే ఇక సోలో ఆల్బమ్‌లు చేయనని 50 సెంట్ శపథం పట్టాడు. మొదటి వారం కాన్యేవి 9,57,000, 50 సెంట్‌వి 6,91,000 అమ్ముడయ్యాయి. 2009లో 50 సెంట్ తర్వాతి సోలో ఆల్బమ్ వచ్చింది. మాట తప్పాడని నిందించకండి. ఓడినవాడు నిజంగానే ఇంటికి పోతే రేపటి పోరు ఎవరితో పెట్టాలి? పైగా ఇద్దరి లేబుళ్లూ (రికార్డు కంపెనీలు) యూనివర్సల్ మ్యూజిక్ గ్రూప్ గొడుగు కిందివే. ఇంటి గొడవ, ఇంటి లాభం.

ఈ విద్య పరాకాష్ఠకు చేరింది మాత్రం 2024లో. ఆ వసంతంలో ర్యాప్ గాయకులు డ్రేక్, కెండ్రిక్ లమార్ ఒకరినొకరు పాటల్లోనే తిట్టుకున్నారు. ఒకరి పాట జనం చెవికి పూర్తిగా ఎక్కకముందే రెండోవారి జవాబు దిగిపోయేది. ఏ లైన్లో ఏ తిట్టు దాగుందో విప్పి చెప్పడానికి లక్షలమంది అభిమానులు రాత్రింబవళ్లు శ్రమించారు. ఇంత శ్రద్ధగా పాఠ్యపుస్తకం చదివి ఉంటే సగంమంది డాక్టరేట్లు అయ్యేవారు. జీతం అడిగినవాడు ఒక్కడూ లేడు. ఇక్కడా ఇద్దరి రికార్డులూ మార్కెట్లోకి తెచ్చింది యూనివర్సలే. తన కుడిచేతికీ ఎడమచేతికీ కుస్తీ పెట్టి రెండువైపులా టికెట్లు అమ్ముకున్న మల్లయోధుడు అంతకుముందు ఉన్నాడేమో నాకైతే తెలియదు.

2025 జనవరిలో డ్రేక్ పరువునష్టం దావా వేశాడు. తిట్టినవాడి మీద కాదు, ఆ తిట్టును అమ్మిన కంపెనీ మీద. అంటే తన పాటలు అమ్మే కంపెనీ మీదే! మరుసటి నెలలో కెండ్రిక్ పాడిన ఆ తిట్ల పాటకే ఐదు గ్రామీలు వచ్చాయి. ఆ తర్వాతి వారం కెండ్రిక్ దాన్ని సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) విరామంలో పాడితే 13 కోట్లమందికి పైగా చూశారు. అక్టోబర్‌లో జడ్జి దావా కొట్టేశారు. రాప్ యుద్ధంలో అన్నమాటలు అభిప్రాయాలే తప్ప వాస్తవ ప్రకటనలు కావట. ఇది గొప్ప ఊరట. తిట్టుకు జవాబుదారీ అక్కర్లేదు, రాయల్టీ మాత్రం వస్తుంది.

ఇక వియ్యం సంగతి. కలిసి పాడటమంటే కేవలం గొంతులు కలపడమేనని అనుకునే అమాయకులు బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్నీని తలుచుకోవాలి. 1980ల మొదట్లో ఆయనా మైకేల్ జాక్సన్‌ కలిసి యుగళగీతాలు పాడారు. పాట పాడితే వచ్చేది ఎంత, పాట హక్కులు చేతిలో ఉంటే వచ్చేది ఎంత అని పెద్దాయన కుర్రాడికి ఓపిగ్గా బోధించాడు. కుర్రాడు బుద్ధిగా విన్నాడు. 1985లో 4.75 కోట్ల డాలర్లు పెట్టి పాటల హక్కులున్న ఏటీవీ మ్యూజిక్ అనే కంపెనీని కొన్నాడు. అందులో మెకార్ట్నీ, ఆయన బీటిల్స్ సహచరుడు లెనన్ రాసిన పాటలు దాదాపు 250 ఉన్నాయి. గురుదక్షిణ గురువే చెల్లించుకున్న అరుదైన సందర్భం ఇది. 2016లో ఏటీవీ కలిసిన ఉమ్మడి కంపెనీలో జాక్సన్ వారసుల వాటాకు సోనీ 75 కోట్ల డాలర్లు ఇచ్చింది. స్నేహానికి విలువ కట్టలేమనేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

గాయనులు కేటీ పెర్రీ, టేలర్ స్విఫ్ట్ ఏళ్లపాటు పలకరించుకోలేదు. 2019లో ఒకరు బర్గర్, ఒకరు ఫ్రెంచ్ ఫ్రైస్ వేషం కట్టి మ్యూజిక్ వీడియోలో కౌగిలించుకున్నారు. వైరం కరిగిన ఆ మహత్తర క్షణాన కెమెరా అక్కడ ఉండటం యాదృచ్ఛికం. గాయని చార్లీ ఎక్స్‌సీఎక్స్ ఇంకా వేగం. 2024 జూన్‌లో లార్డ్ అనే ఇంకో గాయనితో తనకున్న ఎడమొహం పెడమొహం మీద ఒక పాట వదిలింది. రెండు వారాల్లో లార్డే వచ్చి ఆ పాట రీమిక్స్‌లో తన వాదన వినిపించింది. మామూలు జనానికి ఇలాంటి అపార్థం తొలగడానికి పదేళ్లూ ఒక పెళ్లీ పడతాయి.

బియాన్సే, టేలర్ స్విఫ్ట్ మధ్య పోటీ ఉందని అభిమానులు తేల్చారు. ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి గెలుస్తుంటే లోకానికి నిద్రపట్టదు కదా. 2023లో ఒకరి కచేరీ సినిమా ప్రీమియర్‌కు ఇంకొకరు వెళ్లి ఫొటోలు దిగారు. రెండు సినిమాలనూ స్టూడియోలను పక్కనపెట్టి పంపిణీ చేసింది ఒకే థియేటర్ల కంపెనీ, ఏఎంసీ.

ఈ రచ్చకంతటికీ దూరంగా ఉన్న జ్ఞాని గాయని రిహానా. 2016 తర్వాత కొత్త ఆల్బమ్ లేదు. 2017లో మేకప్ కంపెనీ పెట్టింది, 2021కి బిలియనీర్ల జాబితాలో చేరింది. 2023 సూపర్ బౌల్ వేదిక మీద, పాడినందుకు పారితోషికం పెద్దగా ఇవ్వని చోట, పాటల మధ్యలో తన కంపెనీ పౌడరే తీసి ముఖానికి అద్దుకుంది. పారితోషికం ఎటునుంచి వస్తుందో తెలిసిన మనిషి.

అన్నట్టు 1995లో ఓడిన ఒయాసిస్‌లోనే అసలు వైరం ఉంది, అన్నదమ్ములు నోయెల్, లియామ్ గలాగర్ మధ్య. 2009లో గొడవపడి విడిపోయారు. 2024 ఆగస్టులో మళ్లీ కలుస్తున్నామని ప్రకటించి టికెట్లు పెట్టగానే అభిమానులు గంటల తరబడి ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డారు. వాళ్ల వంతు వచ్చేసరికి 150 పౌండ్ల దగ్గరున్న టికెట్లు కొన్ని 350 దాటాయి. గిరాకీని బట్టి ధర పెరుగుతుందట. జనం మండిపడ్డారు. ఆ ధరల ఏర్పాటు గురించి తమకేమీ తెలియదని, టికెట్ల సంగతి నిర్వాహకులు చూసుకుంటారని బ్యాండ్ ప్రకటించింది. పదిహేనేళ్ల మౌనం తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డ విషయం అదీ. అభిమానులు చలించిపోయి మిగిలిన టికెట్లు కూడా కొనేశారు.