నాణేలు వాటంతటవే పోతాయి

దాచమని ఇచ్చిన నాణేలు పోగొట్టినవాళ్లని తిట్టడానికి లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్ల తరఫున ఒక్క మాట మాట్లాడేవాడు మాత్రం లేడు. ఆ లోటు నేను తీరుస్తాను. ఇందులో నాకు స్వార్థమేమీ లేదు, మా బాబాయి ఇది చదవకుండా ఉంటే చాలు.

ముందు వ్యాకరణం సంగతి తేల్చుకుందాం. మన సొంత వస్తువైతే 'పోగొట్టుకున్నాను' అంటాం. అందులో కర్త ఉన్నాడు, వాడి ఏడుపూ ఉంది. అదే ఎవరో నమ్మి చేతిలో పెట్టిన నాణెమైతే 'పోయింది' అంటాం. ఎవరు పోగొట్టారు? ఎవరూ కాదు, అదే పోయింది. దీనికంటే కాస్త పై మెట్టు 'కనబడటం లేదు', అంటే తప్పేదైనా ఉంటే కళ్లది. అన్నిటికన్నా పైమెట్టు 'ఎక్కడో భద్రంగా పెట్టాను'. ఈ మాటకి ఎదురు చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు, ఎందుకంటే ఇందులో నేరం కాస్తా అతిజాగ్రత్త అయిపోతుంది, పైగా అడిగినవాడే మొహమాటపడి ఊరుకుంటాడు.

ఇది చిన్నాచితకా మనుషులకే పరిమితమైన విద్య అనుకోకండి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం వాళ్లు, పనిలో గాయపడ్డ కార్మికులకి పరిహారం ఇవ్వాల్సిన సంస్థ డబ్బులోంచి 5 కోట్ల డాలర్లు తీసి, అరుదైన నాణేల వ్యాపారంలో పెట్టమని ఒక వ్యాపారి చేతికిచ్చారు. 2003లో సుమారు 3 లక్షల డాలర్ల విలువైన రెండు బంగారు నాణేలు పోస్టులో పోయాయి. చూశారా, ఇక్కడా 'పోయాయి'నే. ఆ తర్వాత 2005లో పత్రికలవాళ్లు కెలికితే, కనబడనివి వంద దాటాయని తేలింది. నా దృష్టిలో ఆయన చేసిన పొరపాటు ఒక్కటే, సంఖ్య. రెండు నాణేలు పోతే జనం పోస్టుమాన్‌ని అనుమానిస్తారు, వంద పోతే లెక్కల పుస్తకం తెమ్మంటారు. 2006లో కోర్టు ఆయనకి 18 ఏళ్లు వేసింది, అదీ దొంగతనం కింద! మతిమరుపు అనే కోణాన్ని ఎవరూ పరిశీలించినట్టు లేదు.

చిన్న వస్తువు కాబట్టే పోయిందని కొందరు సర్దిచెబుతారు. అది శాస్త్రీయం కాదు. బెర్లిన్‌లోని బోడె మ్యూజియంలో 100 కిలోల బంగారు నాణెం ఒకటి ఉండేది, అడ్డంగా కొలిస్తే 53 సెంటీమీటర్లు, మీద 10 లక్షల కెనడా డాలర్లు అని ముద్ర. మ్యూజియంవాళ్లది కాదు, యజమాని ఎవరో ప్రదర్శనకి ఇచ్చింది. 2017 మార్చిలో ఒక రాత్రి దొంగలు కిటికీకి నిచ్చెన వేసుకుని వచ్చి, దాన్ని తోపుడుబండిలో వేసుకుని పోయారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ బెర్లిన్ పోలీసులు పట్టేశారు, 2020లో శిక్ష పడ్డ ముగ్గురిలో ఒకడు అక్కడి కాపలాదారే. దొరకనిది నాణెం మాత్రమే. కాబట్టి అయ్యా, వంద కిలోలదాన్ని అంత పెద్ద మ్యూజియమే కాపాడలేకపోతే, పది గ్రాములదాన్ని నేనెలా కాపాడాలి?

ఇంకో మాట, పోయినవన్నీ పోయినట్టు కాదు. 1913 నాటి అమెరికా లిబర్టీ నికెల్ నాణేలు మొత్తం ఐదే ఉన్నాయి. వాటిలో ఒకదాని యజమాని 1962లో కారు ప్రమాదంలో చనిపోతే, నిపుణులు ఆ నాణేన్ని చూసి నకిలీ అని తేల్చారు, ఆయన సోదరి దాన్ని అల్మారాలో పడేసింది. 40 ఏళ్లు అక్కడే ఉంది. 2003లో మిగతా నాలుగింటి పక్కన పెట్టి చూస్తే అసలుదే. 2013లో 30 లక్షల డాలర్లకి పైనే పలికింది. ఇంట్లోవాళ్లు నన్ను తొందరపెట్టినప్పుడల్లా నేను ఈ కథ చెబుతాను. ఇంకా 40 ఏళ్లు కాలేదు కదా అంటాను.

ఇక మా బాబాయి. ఆయన ఊరెళుతూ పదకొండు నాణేలు ఇచ్చి వెళ్లాడు, ఒక్కోటీ ఒక్కో బుల్లి కాగితం కవర్లో, పైన పెన్సిల్‌తో సంవత్సరం, లోహం, బరువు. అరగంట క్లాసు కూడా పీకాడు. వేళ్లు ముఖం మీద పడకూడదట, అంచులు పట్టుకోవాలట. తోమి తళతళలాడిస్తే విలువ పడిపోతుందట. మామూలు ప్లాస్టిక్ కవర్లో పెడితే ఆకుపచ్చగా జిగురు పడుతుందట. అన్నీ పాటించాను, నన్ను తప్పుపట్టడానికి లేదు. ఏడో నంబరు నాణేన్ని ఒక్కసారి బయటికి తీసి, అంచులే పట్టుకుని, లైటు కింద చూసి, కవరు సరిగ్గా అతుక్కోవడం లేదని వేరేచోట భద్రంగా పెట్టాను. ఎక్కడ అనేది చిన్న వివరం.

నిన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఏడోది ఉందా?"

"ఎందుకుండదు బాబాయ్, చేతిలోనే ఉంది." అబద్ధం కాదు, కవరు చేతిలోనే ఉంది.

"ఏం రాసుందో చదువు."

చదివాను. సంవత్సరం, వెండి, బరువు. గొంతు కూడా వణకలేదు.

"సరే, ఎవరో కొనడానికి అడుగుతున్నారు, అసలుదేనా అని వాళ్ల అనుమానం. అంచు మీద సన్నటి గీతలుంటాయి చూడు, ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పు."

"లెక్కపెడుతున్నా బాబాయ్, కాస్త టైమ్ పడుతుంది," అన్నాను, సోఫా దిండు ఎత్తి చూస్తూ.