నిక్సన్ 1962లోనే తప్పుకుని ఉంటే చరిత్ర మారేదా? ఈ లెక్క తేలదు

1962 నవంబర్ 7 ఉదయం బెవర్లీ హిల్టన్ హోటల్లో రిచర్డ్ నిక్సన్ విలేకరుల మీద విరుచుకుపడ్డాడు. అప్పటికి రెండేళ్ల కిందట అధ్యక్ష ఎన్నికల్లో కెన్నెడీ చేతిలో ఓడిపోయాడు. ఇప్పుడు సొంత రాష్ట్రం కాలిఫోర్నియాలో గవర్నర్ పదవి కూడా దక్కలేదు. ఇక మీరు తన్నడానికి నిక్సన్ దొరకడు, ఇదే నా చివరి విలేకరుల సమావేశం అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట మీద నిలబడి ఉంటే అమెరికా చరిత్రే వేరుగా ఉండేదన్న వాదన ఒకటి జోరుగా తిరుగుతోంది. 1968 అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాటిక్ అభ్యర్థి హ్యూబర్ట్ హంఫ్రీ గెలిచేవాడట. మరుసటి ఏడాదే వియత్నాం యుద్ధం ముగిసేదట. తర్వాత అధ్యక్షుడైన రీగన్ తరహా సంప్రదాయవాద రాజకీయాలకు తావే ఉండేది కాదట. నిక్సన్ గద్దె దిగాల్సి వచ్చిన వాటర్‌గేట్ కుంభకోణం జరగదు కనుక ప్రభుత్వం మీద జనం నమ్మకం చెక్కుచెదరకుండా ఉండేదట. మనవాళ్లు దీనికి ఇంకొకటి చేర్చారు: 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో అమెరికా ఏడవ నౌకాదళం బంగాళాఖాతం వైపు వచ్చేది కాదని.

అసలు నిక్సన్ తప్పుకోలేదని ఎవరన్నారు? న్యూయార్క్ వెళ్లి న్యాయవాద సంస్థలో చేరాడు, 1966లో సుప్రీంకోర్టులో కేసు కూడా వాదించాడు. ఓడిన వారంలోనే ఆయన రాజకీయ జీవితానికి ఒక టీవీ సంస్థ తద్దినం పెట్టేసింది. ఆయనను వెనక్కి లాక్కొచ్చింది పార్టీ దుస్థితి. 1964 అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలతో సరిపెట్టుకుని చిత్తుగా ఓడాక, ఆ పార్టీలో సంప్రదాయవాదులు, ఉదారవాదులు అనే రెండు వర్గాలూ సహించగల మనిషి కరువయ్యాడు. నిక్సన్ రాకపోతే ఆ చోటు ఖాళీగా మిగిలేది కాదు, ఇంకెవరో కూర్చునేవారు. ఆ ఇంకెవరో ఎవరన్న ప్రశ్న ఈ వాదన చేసేవారికి తట్టనే లేదు.

హంఫ్రీ సంగతి చూద్దాం. 1968లో నిక్సన్‌కు 43.4 శాతం, హంఫ్రీకి 42.7 శాతం ఓట్లు వచ్చాయి. తేడా ఇంత స్వల్పం కాబట్టి నిక్సన్‌ను తీసేస్తే హంఫ్రీ గట్టెక్కినట్టే అంటారు. హంఫ్రీది నాలుగేళ్ల ముందు అధ్యక్షుడు జాన్సన్‌కు 61 శాతం తెచ్చిపెట్టిన పార్టీ! మూడో అభ్యర్థిగా నిలిచిన జార్జ్ వాలెస్‌కు పడిన 13.5 శాతం ఓట్లను ఎక్కడ పెడతారు? ఆయన గెలిచిన అయిదు దక్షిణాది రాష్ట్రాల్లో నాలుగు 1964లోనే గోల్డ్‌వాటర్ వెంట నడిచినవి. మార్చి 31న జాన్సన్ పోటీ నుంచి విరమించుకోవడం, జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ హత్య, షికాగోలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభల వేళ వీధుల్లో పోలీసు లాఠీలు, వీటిలో ఒక్కటీ నిక్సన్ పుణ్యం కాదు.

ఈ వాదనలో నాకు అన్నిటికన్నా విడ్డూరంగా తోచింది రీగన్ ముచ్చట. 1962లో నిక్సన్‌ను ఓడించిన ప్యాట్ బ్రౌన్‌నే 1966 గవర్నర్ ఎన్నికలో రీగన్ దాదాపు పది లక్షల ఓట్ల తేడాతో మట్టికరిపించాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1968 ఆగస్టులో, మయామీ బీచ్‌లో జరిగిన రిపబ్లికన్ పార్టీ మహాసభలో అధ్యక్ష అభ్యర్థిత్వానికి ఆయన పేరూ వచ్చింది. నెగ్గడానికి కావలసినవి 667 ఓట్లు. నిక్సన్‌కు 692, ఉదారవాద వర్గం నాయకుడు, న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్‌కు 277, రీగన్‌కు 182 పడ్డాయి. నిక్సన్ బొటాబొటిగా 25 ఓట్లతో ఒడ్డున పడ్డాడన్నమాట. దక్షిణాది ప్రతినిధులు చాలామందికి మనసు రీగన్ మీదే ఉంది. వాళ్లు జారిపోకుండా నిక్సన్ తరఫున కాపలా కాసింది సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్. నిక్సన్ బరిలో లేకపోతే ఆ ఓట్లు ఎటు పోయేవి? 1964 సభలో కేకలు వేసి మాట్లాడనివ్వని రాక్‌ఫెల్లర్‌కా? రీగన్ గెలిచి తీరేవాడని అనను. కానీ ఆ ఏడాది ఆయన దారికి అడ్డంగా నిలబడ్డది నిక్సనే. ఆ అడ్డు తీసేసి రీగన్ యుగం రాదనడం ఎలా కుదురుతుంది?

వియత్నాం విషయంలో ఒక నిజం ఒప్పుకోవాలి. 1968 ఎన్నికల వేళ, పారిస్ శాంతి చర్చలకు రావద్దంటూ నిక్సన్ శిబిరం తన మద్దతుదారు ఆనా షెనాల్ట్ ద్వారా దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌కు కబుర్లు పంపింది. సిగ్గుమాలిన పని. ఎన్నికలకు మూడు రోజుల ముందు దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియు రానని ప్రకటించాడు కూడా. అయితే దక్షిణ వియత్నాంలోని కమ్యూనిస్టు తిరుగుబాటుదారుల నేషనల్ లిబరేషన్ ఫ్రంట్‌తో సమాన హోదాలో కూర్చోవడం ఆయనకు ముందు నుంచీ ఇష్టం లేదు. చర్చల బల్ల ఏ ఆకారంలో ఉండాలన్న పేచీ తెగేసరికే 1969 జనవరి సగం గడిచింది. అప్పటికింకా జాన్సనే అధ్యక్షుడు. హంఫ్రీ అయినా బాంబు దాడులు ఆపుతానన్నాడే తప్ప సేనలను ఉన్నపళంగా వెనక్కి రప్పిస్తానని అనలేదు. ఏడాదిలో శాంతి అన్నది ఉత్త ఆశ.

నమ్మకం మాటకొస్తే, ప్రభుత్వం ఎప్పుడూ లేదా చాలామటుకు సరైన పనే చేస్తుందని నమ్మినవారు 1964లో 77 శాతం. 1968కి అది 60 చిల్లరకు, 1972కి 53 దగ్గరకు పడిపోయింది. 1974లో 36. వాటర్‌గేట్ భవనంలోని డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలో దొంగలు పట్టుబడింది 1972 జూన్‌లో. ఆ నవంబర్‌లోనే నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచాడంటే జనం ఆ దొంగతనాన్ని అప్పటికి పట్టించుకోలేదనే కదా. సగానికి పైగా పతనం అంతకుముందే జరిగిపోయింది.

నిక్సన్ లేకపోతే ఆయన రాజీనామాతో గద్దెనెక్కిన ఉపాధ్యక్షుడు ఫోర్డ్ అధ్యక్షుడయ్యేవాడు కాదు. నిక్సన్‌కు ఫోర్డ్ ఇచ్చిన క్షమాభిక్ష ఉండేది కాదు, బహుశా ఫోర్డ్ తర్వాత కార్టర్ కూడా అధ్యక్షుడిగా వచ్చేవాడు కాదు. ఇది కాదనను.

ఇక మనవాళ్లు చేర్చిన మాట. మిగతావన్నీ గాలివాటం వాదనలైనా దీనిలో పస ఉంది. తూర్పు పాకిస్థాన్‌లో ఊచకోత మీద తమ ప్రభుత్వ మౌనాన్ని తప్పుపడుతూ 1971 ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికా దౌత్య సిబ్బంది వాషింగ్టన్‌కు టెలిగ్రాం పంపారు. దాన్ని పంపించిన కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్‌కు దక్కింది బదిలీ. అప్పట్లో నిక్సన్ చైనాతో నడుపుతున్న రహస్య రాయబారం పాకిస్థాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ ద్వారానే సాగుతోంది. జూలైలో నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ బీజింగ్ వెళ్లింది కూడా పాకిస్థాన్ మీదుగానే. పాకిస్థాన్ అమెరికాకు పాత మిత్రదేశం కనుక ఇంకో అధ్యక్షుడైనా కొంత వెనకేసుకొచ్చేవాడేమో. కానీ డిసెంబర్‌లో ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను పంపేదాకా వెళ్లడం వెనుక నిక్సన్‌కు ఇందిరా గాంధీ మీదున్న కసి కూడా ఉంది. ఆయన ఆమెను ఎన్నేసి మాటలన్నాడో శ్వేతసౌధంలో తాను పెట్టించుకున్న టేపుల్లోనే నమోదైంది.