సమ్మతి ఆమెది, నిర్ణయం ఎవరిది?

గర్భం తీయించుకోవడానికి మేజరైన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలని 1971 నాటి వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం స్పష్టంగా చెబుతోంది. భర్త సంతకం కావాలన్న నిబంధన అందులో ఎక్కడా లేదు. అయినా ‘మీ ఆయన్ని తీసుకురండి’ అనే మాట ఆస్పత్రుల్లో నేటికీ వినిపిస్తూనే ఉంది. దీన్ని సిబ్బంది అవగాహనా లోపంగా సరిపెట్టుకోలేం. ఆ మాటకు ఆస్కారమిచ్చే లోపం చట్టం పునాదిలోనే ఉందని మేం భావిస్తున్నాం.

మన దేశంలో గర్భస్రావం స్త్రీకి చట్టం ఇచ్చిన హక్కు కాదు, నేరానికి ఇచ్చిన మినహాయింపు. ప్రాణం కాపాడేందుకు తప్ప గర్భస్రావం చేయడం నేరమంటూ వలస పాలకులు శిక్షాస్మృతి 312వ సెక్షన్‌లో రాసిన మాటే భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్‌గా కొనసాగుతోంది. తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీ కూడా ఆ సెక్షన్ పరిధిలోకే వస్తుంది. 1971 చట్టం ఈ శిక్ష నుంచి కాపాడింది ప్రధానంగా వైద్యులనే. ఇప్పుడు 20 వారాల వరకు ఒక వైద్యుడు, 20 నుంచి 24 వారాల మధ్య నిర్దేశిత వర్గాల స్త్రీలకు ఇద్దరు వైద్యులు, ఆ తర్వాత పిండానికి తీవ్ర లోపాలున్నాయని తేల్చే మెడికల్ బోర్డు, ఇలా ప్రతి దశలోనూ చివరి మాట మరొకరిదే.

గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భాలకు సంబంధించిన నిబంధనలో 2021 సవరణ ‘భర్త’ స్థానంలో ‘భాగస్వామి’ని చేర్చింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, 24 వారాల వెసులుబాటును అవివాహితలకు నిరాకరించడం వివక్షేనని తేల్చింది. ఆ తీర్పును మనసారా స్వాగతించాం. కానీ ఏడాది తిరిగేసరికి, 2023 అక్టోబరులో, ఇద్దరు బిడ్డల తల్లి, ప్రసవానంతర మానసిక సమస్యకు చికిత్స పొందుతున్న ఒక మహిళ 26 వారాల గర్భంతో అదే కోర్టును ఆశ్రయిస్తే, ఆమె ప్రాణానికి తక్షణ ముప్పు లేదని, పిండంలో లోపమూ లేదని అనుమతి నిరాకరించారు. ధర్మాసనం చట్టంలోని అక్షరానికి కట్టుబడింది. ఆ అక్షరంలో ఆమె మాటకు చోటు లేకపోవడమే మా అభ్యంతరం.

ఈ తలుపులన్నీ తట్టే ఓపిక, స్తోమత ఎందరికుంటాయి? 2015లో దేశంలో 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయని, వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆస్పత్రుల వెలుపల మాత్రలతోనే జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. సరైన సమయంలో, సరైన మోతాదులో వాడితే ఆ మాత్రలు సురక్షితమైనవే. ఎలా వాడాలో చెప్పేవారు, రక్తస్రావం ఆగకపోతే నిలదీయకుండా చేర్చుకునే ఆస్పత్రి లేకపోవడమే అసలు ప్రమాదం. చట్టాన్ని సడలిస్తే లింగ ఎంపిక పెరుగుతుందన్న ఆందోళన తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. అయితే మాత్రలు వాడే తొలి వారాల్లో స్కానింగ్‌లో లింగం తెలిసే అవకాశం లేదు. నిఘా ఉండాల్సింది లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం చెప్పినట్లు స్కానింగ్ కేంద్రాలపైనే.

తొలి 12 వారాల్లో స్త్రీ కోరితే చాలన్న ప్రతిపాదన 2014 నాటి చట్ట సవరణ ముసాయిదాలోనే ఉంది. 2021 సవరణలో దానికి చోటు దక్కలేదు. కేంద్రం ఆ ప్రతిపాదనను తిరిగి పార్లమెంటు ముందుకు తేవాలి, 88వ సెక్షన్ నుంచి స్త్రీని తప్పించాలి. భర్త సంతకం అవసరం లేదని ప్రతి ఆస్పత్రిలో బోర్డు పెట్టించడానికైతే రాష్ట్ర ప్రభుత్వాలు ఏ సవరణ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.