సీసా నీళ్లకు చట్టం, కుళాయి నీళ్లకు సలహా

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. వైద్య శిబిరాలు పెట్టారు, ట్యాంకర్లతో నీళ్లు తోలారు, పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖలు చూస్తున్న ఉప ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లారు. అంతకు ఆరేళ్ల ముందు, 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో అతిసారం వచ్చినప్పుడూ ఇదే హడావుడి చూశాం. ఇలాంటప్పుడు పత్రికల్లోనూ అసెంబ్లీలోనూ గొడవంతా ఎంతమంది పోయారు, అందరూ అతిసారంతోనే పోయారా అన్నదాని చుట్టూ తిరుగుతుంది. అంతకు వారం ముందు ఆ ఊరి చివరి కుళాయిలో క్రిములను చంపే క్లోరిన్ ఎంత ఉందని అడిగేవాళ్లు ఉండరు.

అడగకపోవడానికి కారణం ఉంది. అడిగినా జవాబు చెప్పి తీరాల్సిన వాళ్లు ఎవరూ లేరు. తాగునీటికి మనకు ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం ఉంది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, మరో నీటి వనరు లేకపోతే 1.5 దాకా, నైట్రేట్ 45, 100 మిల్లీలీటర్లలో ఇ-కోలి (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా ఉండకూడదు. అంకెలన్నీ బాగానే రాసుకున్నాం. కానీ సీసాలో పోసి సీలు వేసి అమ్మే నీళ్లు ప్రమాణం తప్పితే ఆహార భద్రతా చట్టం కింద కేసు పడుతుంది, లైసెన్సు పోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వదిలే నీళ్లు తప్పితే ఏ శిక్షా లేదు, ఎందుకంటే అక్కడ ఆ ప్రమాణం పాటించి తీరాలన్న నిబంధనే లేదు. శుభ్రమైన తాగునీరు ఇవ్వడం జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం కింద రాజ్యం బాధ్యత అని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. చెప్పింది కూడా మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కేసులో!

ఊళ్లో జరిగేదేమిటో చూద్దాం. కుళాయి దగ్గరికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ అనే రసాయనం చుక్కలు వేస్తే లేత పసుపు తేలాలి. తేలలేదంటే ఆ నీళ్లకు కాపలా లేనట్టే. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పిన బస్తాను పంచాయతీ ఆఫీసులో మూలన పడేస్తే ఆ క్లోరిన్ నెమ్మదిగా ఎగిరిపోతుంది, మిగిలేది సున్నం. పౌడర్‌ను ముందు బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, మడ్డి అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. ఆపైన కనీసం అరగంట ఆగి వదలాలి. చాలాచోట్ల గుప్పెడు పొడి చల్లేసి, వాల్వు తిప్పేస్తారు. తప్పు వాటర్‌మ్యాన్‌దేనని తేల్చేయడం సులువు. అరకొర జీతం, అదీ నెలలు ఆగి వచ్చే మనిషి చేతిలో ఊరి ఆరోగ్యం పెట్టిన పద్ధతి గురించి కదా మాట్లాడాల్సింది!

ట్యాంకు దాటాక ఇంకో కథ. నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి. ఆపేయగానే పైపు ఖాళీ అవుతుంది. మురుగుకాలవలో మునిగి ఉన్న పైపుకు చిన్న పగులున్నా అప్పుడు బయటి నీళ్లు లోపలికి పోతాయి. కుళాయికే మోటారు బిగించి లాగితే మరీ ఎక్కువగా పోతాయి. ప్రెషర్ చాలక పల్లపు ఇళ్లవాళ్లు తవ్వుకున్న కుళాయి గుంతలు చూడండి: బిందె కడిగిన నీళ్లన్నీ అందులోనే నిలుస్తాయి, పైపు మూతి అందులోనే మునుగుతుంది.

తెలంగాణలో మిషన్ భగీరథ నల్లగొండ పల్లెలకు నది నీళ్లు తెచ్చి ఫ్లోరైడ్ బోర్ల పీడను చాలావరకు తప్పించింది. అది చిన్న పనేమీ కాదు. అయితే ఊరి ట్యాంకు దాకా శుద్ధి చేసిన నీళ్లు తేవడం మిషన్ భగీరథ పని, ట్యాంకు నుంచి ఇళ్లకు పంచడం పంచాయతీ పని. నీళ్లు చెడితే మావి బాగానే వచ్చాయని పైవాళ్లు, అలాగే వచ్చాయని కిందివాళ్లు. పెద్ద ప్రాజెక్టుకు ప్రారంభోత్సవం ఉంటుంది, కాలవలో పడున్న ఆరంగుళాల పైపుకు ఉండదు. నమ్మకం లేని జనం ఎలాగూ ‘మినరల్ వాటర్’ ప్లాంటు క్యాన్ కొనుక్కుంటారు. సీలు లేకుండా అమ్మే ఆ నీళ్లను పరీక్షించేదెవరో కూడా అంతే సంగతి.

అమెరికాలో ఏడాది పొడవునా పాతికమందికి నీళ్లిచ్చే వ్యవస్థ అయినా చట్టప్రకారం పరీక్షలు చేయించాలి, ఏటా నాణ్యత నివేదికను వినియోగదారులకు అందజేయాలి. అక్కడ స్థిరపడ్డ మన పిల్లలకు అది అందుతూనే ఉంటుంది. ఇక్కడ ఇంటింటికీ కుళాయి నీళ్ల కోసం కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లతో పరీక్షలు నేర్పమంది. మంచి ఆలోచనే. కానీ ఫలితం పోర్టల్‌లోకి ఎక్కుతుంది, వీధిలోకి రాదు.

సర్పంచిని జైల్లో పెట్టే చట్టం కావాలని నేననను. అది వస్తే అన్ని ఊళ్లలోనూ కాగితం మీద క్లోరిన్ 0.2 ఉంటుంది. ముందు పరీక్ష ఫలితం, తేదీ, నమూనా తీసిన కుళాయి ఏ వీధిదో పంచాయతీ బోర్డు మీద రాయడం తప్పనిసరి చేయాలి. నమూనా ట్యాంకు కింద కాదు, చివరి ఇంటి దగ్గర తీయాలి. క్లోరిన్ లేదని తేలిన రోజే కాచి తాగమని దండోరా వేయించాలి. డబ్బు లేదనడానికి వీల్లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 30 శాతం తాగునీటికి, వాన నీటి సేకరణకు, నీటి పునర్వినియోగానికి కేటాయించింది. అందులో ఒక క్లోరోస్కోప్‌కు, మూత బిగుసుకునే ఒక డబ్బాకు, వాటర్‌మ్యాన్ జీతం నెలనెలా ఇవ్వడానికి ఎంత పోయిందో గ్రామసభలో ఎవరైనా అడగొచ్చు.