కోలీ పిల్లను తెస్తే పని ఎవలు చెప్తరు?

వాదులిద్దరూ దగ్గరి చుట్టాలే. అల్లుడు మడికొండ ఐటీ పార్కులో పని చేస్తాడు. హన్మకొండ నయీంనగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, ఉద్యోగం చేసే భార్య, ఏడేళ్ల బిడ్డ, మూడేళ్ల కొడుకు. మామ నర్సంపేట దిక్కు కురుమల ఇంట పుట్టి, పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాడు. అన్నదమ్ముల మంద ఇప్పటికీ ఊళ్లో ఉంది. పేచీ ఒక బోర్డర్ కోలీ కుక్కపిల్ల గురించి. గొర్రెలను తోలడానికి పెంచిన విదేశీ జాతి అది. హైదరాబాదులో ఒకాయన నలభై వేలకు ఇస్తానని, అడ్వాన్సు వేయమని తొందరపెడుతున్నాడు. తీర్పు చెప్పే పెద్దమనిషి ఎవరూ లేరు. మధ్యలో కుండలీకరణాల్లో వచ్చే మాటలు నావి. నేను మామ దిక్కే కొంచెం మొగ్గుతానని ముందే చెప్తున్నాను.

అల్లుడు: వద్దనేటందుకే వచ్చినవని తెల్సు మామా. ముందుగాల నేను చెప్పేది విను. పిల్లలు బడి నుంచి రాంగనే ఫోన్లు పట్టుకుంటున్నరు. ఇంట్ల కుక్కుంటె కిందికి దిగుతరు, జర ఉరుకుతరు. తెచ్చేదేదో తెలివిగలదే తెస్త. అమెరికాల చేసర్ అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైన బొమ్మల పేర్లు నేర్చుకుంది. ఫలానా బొమ్మ తే అంటె గదే తెచ్చేది. 2011ల సైన్సు పత్రికల అచ్చయింది.

మామ: నేర్చుకుంది సరే. నేర్పింది ఎవలు?

అల్లుడు: జాన్ పిల్లీ అని, సైకాలజీ ప్రొఫెసర్.

మామ: నౌకరిల ఉన్నోడా?

అల్లుడు: రిటైరైనోడు.

మామ: రోజుకు ఎన్ని గంటలు నేర్పిండు?

అల్లుడు: నాలుగైదు గంటలు. మూడేండ్లు.

మామ: నువ్వు ఆఫీసుకెళ్లి ఇంటికొచ్చేవరకు ఏడైతది. తెలివిగలదంటె నువ్వు చెప్పింది నేర్చుకునుడు ఒక్కటే గాదురా, చెప్పంది గూడ నేర్చుకుంటది. గొళ్లెం లేపుడు నేర్చుకుంటది. లిఫ్టు చప్పుడైతె తలుపు కాడ మొరుగుడు నేర్చుకుంటది. పొద్దుందాక ఖాళీగుంటె దాని పని అదే ఎతుక్కుంటది. ఆ పని నీకు నచ్చాలె గదా.

అల్లుడు: మరి మీ మందల కుక్కల్లేవా? చిన్నప్పుడు నేను చూసిన. వాటికి ఏ ప్రొఫెసర్ నేర్పిండు?

మామ: మంచిగడిగినవ్. మన మంద కుక్క గొర్లను తోలదు, కావలి కాస్తది. రాత్రి చేన్ల మంద పెట్టినప్పుడు తోడేలొచ్చినా, నక్కొచ్చినా, దొంగొచ్చినా మొరిగి మీదికి పోతది. పగలు చెట్టు కింద గొంగడి పక్కన పండుకుంటది. గొర్లను తోలేది మనిషే, నోటితోని, ఈలతోని, కర్రతోని. కోలీ సంగతి వేరే. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు గుట్టల మీద గొర్లు ఎక్కడివక్కడ మేస్తుంటయి. కాపరి కింద నిలబడి ఈలేస్తె కుక్క పైకి పోయి, చుట్టు తిరిగి, అన్నిటినీ కూడేసి తేవాలె. తోడేలు వేట ఎట్ల చేస్తది? కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తది, వంగి నక్కి పోతది, ఎంటపడ్తది, కరుస్తది, చంపుతది. కరిసి చంపే గుణం తగ్గించుకుంట, చూసుడు, నక్కుడు, ఎంటపడుడు మిగిలేటట్టు తరాల తరబడి ఏరి పెంచిన్రు. ఆ గుణం దాని రక్తంలుంటది. ఫ్లాటుకు తెస్తె పోతదా?

అల్లుడు: ఆ చరిత్ర నేనూ చదివిన. 1893ల ఆడమ్ టెల్ఫర్ ఇంట పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క ఈ జాతికి మూలపురుషుడు. అరవకుండ పని చేసేదట. గొర్లు దాన్ని చూస్తెనే కదిలేటియట. అంటె నెమ్మదైన జాతే గదా?

మామ: పని దొరికితె నెమ్మది. నీ ఇంట్ల గొర్లేవి? చిన్నోడు, బిడ్డ, కింద పార్కింగుల సైకిళ్లు తొక్కే పోరగాండ్లు, సామాన్లు తెచ్చే బండ్లోళ్లు. పిల్లలు తలోదిక్కు ఉరికితె దానికి మంద చెదిరినట్టే. చుట్టు తిరుగుతది, అడ్డమొస్తది. అప్పటికీ ఆగకుంటె మడిమె పడ్తది.

అల్లుడు: కోపంతోని కరిసినట్టు గాదు గది.

మామ: మూడేండ్ల పోరనికి గా తేడా నువ్వే చెప్పు. కింద ఫ్లాటోళ్లకు గూడ చెప్పు.

అల్లుడు: నేర్పితె మానుతది మామా. మడిమె పట్టంగనే ఆట ఆపాలె, నోట్లె బొమ్మ పెట్టాలె. బండి ఎంట పడకముందే పిలిస్తె తిరిగి వచ్చుడు నేర్పాలె. జర్మన్ షెపర్డ్ గూడ గొర్ల కుక్కే. 1899ల స్టెఫానిట్జ్ అనే మిలిటరీ కాప్టెన్ మొదలువెట్టిన జాతి. హన్మకొండల ఎన్ని ఇండ్లల్ల లేవు? పోలీసోళ్ల కాడ లేవా?

మామ: పోలీసు కుక్కకు హ్యాండ్లరుంటడు. దాన్ని చూసుకునుడే వాని నౌకరి, దాని మీదనే జీతం. ఇగ ఇండ్ల సంగతంటవా, గేటు కాడ గొలుసుతోని కట్టేసి, వచ్చేటోళ్ల మీద పోయేటోళ్ల మీద మొరుగుతుంటె మంచి కావలి కుక్క అని మురిసిపోతున్నరు. తుంటి కీలు సరిగ కూసోక ఎనక కాళ్లు గుంజుకుంట దవాఖానకొచ్చే షెపర్డులను నేను చూసిన. ఆ జాతికి ఆ రోగం ఉంటదని కొన్ననాడు ఎవ్వలు చెప్పలే.

(ఇక్కడ అల్లుడికీ మార్కులు వేయాలి. మడమ పట్టే అలవాటు మాన్పించలేనిది కాదు, అతను చెప్పిన పద్ధతి సరైనదే. కాకపోతే ఆ పద్ధతిని రోజుకు పదిసార్లు పాటించాల్సిన మనిషి ఆ వేళకు మడికొండలో ఉంటాడు. భార్య అభిప్రాయం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదన్నది నేను గమనించాను, వాళ్లు గమనించలేదు.)

మామ: ఎండ సంగతి మర్చిపోయినవా? మేల మన కాడ 43, 44 డిగ్రీలు కొడ్తది. దాని ఒంటికి మనలెక్క చెమట పోయదు, వగరుస్తనే చల్లబడాలె. ఒళ్లు 41 డిగ్రీలు దాటిందంటె పానం మీదికొస్తది.

అల్లుడు: ఆస్ట్రేలియాల ఎండల్ల గొర్లను తోలే కెల్పీలు గూడ స్కాట్లండు కోలీల సంతానమే. ఎండనగానే పనికిరాదంటె ఎట్ల? ఏసీ ఉంది. పొద్దున ఐదుకు వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తీస్కపోత, మల్ల రాత్రి ఎనిమిదికి. ఎండకాలం జుట్టు కొట్టిస్త.

మామ: జుట్టు మాత్రం కొట్టియ్యకు. కింద మెత్తనిది, పైన గట్టిది, రెండు పొరలుంటయి. గొరిగితె తోలుకు ఎండ సూటిగ తగుల్తది, మల్ల మొలిసేది పాతతీరు మొలువకపోవచ్చు. దువ్వుకోవాలె, గంతే. కెల్పీ అంటవా, దాన్ది పొట్టి జుట్టు. అయినా ఎండ మాట ఇడిసిపెట్టు, ఏసీ ఉన్నోనితోని నేను గెలువలేను. మందుల సంగతి చెప్త, ఇది మాత్రం బుద్ధిలుంచుకో. కుక్కకు గోమార్లు పడ్డయంటె, గజ్జి లేసిందంటె మన దిక్కు ఏంజేస్తరు?

అల్లుడు: సూదేస్తరు.

మామ: ఏం సూది? ఐవర్‌మెక్టిన్. గొర్రెకు అదే, బర్రెకు అదే, వాడకట్టు కుక్కకూ అదే. ఊర్లల్ల మెడికల్ షాపోడు గూడ చీటి లేకుండ ఇస్తడు. కోలీ జాతులల్ల కొన్నిటికి పుట్టుకతోనే ఒక జన్యువుల తప్పుంటది. ఎండీఆర్1 అంటరు. ఆ తప్పేందో 2001ల వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పట్టుకున్నరు. మామూలు కుక్కలల్ల మందు మెదడుల చేరకుండ బయటికి తోడేసే ఏర్పాటుంటది. ఈ తప్పున్న కుక్కల్ల అది పనిచేయదు. గజ్జికిచ్చే పెద్ద మోతాదు పడితె చొంగ కారుతది, కండ్ల పాపలు పెద్దగైతయి, తూలుతది, చూపు పోతది, కోమాల పడ్తది. విరుగుడు మందు లేదు. సెలైన్లు పెట్టుకుంట దినాలు లెక్కవెట్టుడే.

అల్లుడు: అది పొడుగు ముక్కు రఫ్ కోలీలకు మామా. వాటిల్ల నూటికి డెబ్బైదాక ఉంటదని నేనూ చూసిన. ఆస్ట్రేలియన్ షెపర్డులకు సగం, జర్మన్ షెపర్డుకు పది. బోర్డర్ కోలీకి ఐదు గూడ లేదు. అమెరికాల పరీక్షల లెక్కలివి.

మామ: నీకిచ్చేది వట్టి బోర్డర్ కోలీయేనని రాసిచ్చిండా? తల్లి ఏది, తండ్రి ఏది? నలుపు తెలుపు ఉంటె సాలు బోర్డర్ కోలీ అని అమ్మేటోళ్లున్నరు. చెంప లోపలికెళ్లి దూదిపుల్లతోని నమూనా తీసి పంపితె తెలుస్తది. ఆ పరీక్ష అయ్యేదాక ఏ డాక్టర్ కాడికి పోయినా ముందుగాల "ఇది కోలీ సార్" అని చెప్పాలె.

అల్లుడు: చెప్త. రాసి పెట్టుకున్న.

మామ: పిల్ల వయసెంత?

అల్లుడు: నలభై రోజులు. వచ్చే ఆదివారం తీస్కపొమ్మన్నడు.

మామ: ఎనిమిది వారాలు నిండకుండ అమ్మద్దని 2017ల కేంద్రం తెచ్చిన రూల్సున్నయి. పెంచి అమ్మేటోనికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ గూడ ఉండాలె. నంబర్ అడిగినవా?

అల్లుడు: పది పదిహేను రోజులల్ల ఏమైతది మామా?

మామ: కూనలు ఒకదాన్నొకటి కొరుక్కుంట ఆడ్తయి గదా. గట్టిగ కొరికితె అవతలిది కుయ్యిమని ఆట బంద్ చేస్తది. ఎంత కొరకాలె, ఎక్కడ ఆపాలె అనేది తల్లి కాడ, తోటి కూనల కాడనే నేర్చుకుంటయి. మడిమెలు పట్టే జాతిని ఆ చదువు కాకముందే గుంజుకొస్తనంటవు. పార్వో అని కూనలను చంపే రోగముంది, దాని టీకా మొదటిది ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు. అటెంక మూడు నాలుగు వారాలకొకటి, పదహారు వారాలు నిండేదాక. మూడు నెలలప్పుడు రేబిస్ టీకా. నలభై రోజులకు అన్ని టీకాలు అయినయని కార్డు చూపెట్టిండంటె గా కార్డును నమ్మకు.

(కుక్కపిల్ల ధర మీద గంటసేపు బేరమాడేవాళ్లు కూడా రిజిస్ట్రేషన్ నంబరు ఏదన్న ఈ ఒక్క ప్రశ్న అడగరు. అడిగితే అమ్మేవాడు మొహం మాడ్చుకుంటాడని మొహమాటం.)

అల్లుడు: సరే, ఈ పిల్ల కాదు. వేరేది చూస్త. నువ్వు పని పని అంటున్నవ్ గదా, పని నేనే కల్పిస్త. ఆదివారమాదివారం ఊరికి తీసుకొస్త. మన మందల ఇడిసిపెడ్త.

మామ: నేర్వని కోలీని మందల ఇడుస్తవా! సూడి గొర్లు బెదిరి ఉరికితె కట్టు జారిపోతయిరా. మా అన్న నిన్ను నన్ను కలిపి తంతడు. అయినా వారానికొక్కనాడు పని పెడ్తె మిగిలిన ఆరు దినాలు అది ఏంజేయాలె?

అల్లుడు: మరేం తెమ్మంటవు? నాటు కుక్కనా? దానికి పని పెట్టొద్దా? రేబిస్ సూది వద్దా? అదీ సోఫా కొరుకుతది, అదీ మొరుగుతది. నాటుదంటె ఏ తిప్పలుండదన్నట్టు చెప్తవు.

మామ: అదీ నిజమే. తిప్పలుంటది. కాకుంటె మన ఎండలకు ఆగుతది, ఇంత అన్నం తిని పగలంత పండుకునే గుణముంటది. అది కావాలంటలే, నువ్వడిగితె చెప్పిన. ఇంకోటి. కోలీ పన్నెండు, పదిహేనేండ్లు బతుకుతది. బిడ్డకు ఇప్పుడు ఏడు. పది పాసైనంక ఇంటర్‌కు హాస్టలంటవు, హైదరాబాద్ పంపుతవు. అప్పటికి కుక్కకు తొమ్మిదేండ్లు. బిడ్డ కోసం తెచ్చిన కుక్కను బిడ్డ పోయినంక ఎవలు నడిపిస్తరు?

అల్లుడు: నేనే నడిపిస్త. పిల్లల పేరు చెప్తున్న గాని, నిజం చెప్పాల్నంటె నాకే కావాలె మామా.

మామ: గిప్పుడు సక్కగ మాట్లాడినవ్. నీకే కావాలంటె లెక్క వేరే. పిల్లల పేరు మీద తెస్తె నాలుగు నెలలకు వేరేటోళ్లకు ఇచ్చేస్తరు. మనిషి తనకోసం తెచ్చుకుంటె పొద్దుగాల ఐదుకు లేస్తడు. ఒక ఫోన్ కొట్టు ఆయనకు, తల్లిని చూపిస్తడా అడుగు.

(అల్లుడు ఫోన్ చేశాడు. తల్లి వేరేచోట ఉందని, వీడియో పంపుతానని, అడ్వాన్సు మాత్రం ఇవాళే వేయమని అవతలాయన అన్నాడు.)

మామ: వీడియోల తల్లి ఎవలి తల్లైనా అయితది.

అల్లుడు: ఎయ్య మామా, అడ్వాన్సు ఎయ్య. తల్లిని, తండ్రిని కండ్లారా చూపెట్టేటోడు, రిజిస్ట్రేషనున్నోడు దొరికితె రెండు నెలలు నిండిన పిల్లనే తెస్త. ఎండకాలం దాటినంక. కోలీని మాత్రం ఇడువ.

మామ: ఇడువమని నేనెక్కడన్న? టీకాలకు పిలువు, వస్త. చెరువు కట్ట మీద నడిపిచ్చుటానికి మాత్రం నన్ను పిలువకు, నా మోకాళ్లు వాపున్నయి. మీ ఆవిడను అడిగినవా ఇంతకు?

అల్లుడు: ఇయ్యాల అడుగుత.