సవరణ: ‘వివాహ భోజనంబు’ పాడింది మాధవపెద్ది సత్యం

చిన్నప్పటి ‘మాయాబజార్’ (1957) మళ్లీ చూసి నిన్న పెట్టిన పోస్టులో ‘వివాహ భోజనంబు’ ఘంటసాల పాడినట్టు ఉంది. పాడింది మాధవపెద్ది సత్యం. అచ్చం ఎస్వీ రంగారావే పాడినట్టుంటుంది మరి! అయినా లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరిపోతుంటే ఆ వయసులో గాయకుడెవరైతే ఏం?

ఘంటసాల గొంతు వినిపించేది ‘అహ నా పెళ్లియంట’లో. సుశీల పాడుతుండగా, మాయాశశిరేఖలోని ఘటోత్కచుడు ఒళ్లు మరిచి బయటపడే చోట. అక్కడ సావిత్రి నడక, భుజాలు విరిచే తీరు చూడండి, రంగారావు దిగిపోయాడు. చిన్నప్పుడు నవ్వి ఊరుకున్నాం గానీ, ఈసారి ఆ ముక్కే వెనక్కి తిప్పి తిప్పి చూశాను.

ఇంకోటి. పాండవులు కాసేపే కనిపిస్తారన్న వాక్యం తీసేశాను. సినిమా మొత్తంలో అయిదుగురిలో ఒక్కరూ తెరమీదకు రారు.