కేరాఫ్ 56 ఏపీఓ: మన ఇళ్లలో మిగిలిన జాబులు

తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని మా వైపు అందరూ మిలటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి ఆ ఊరి మగవాళ్లు తరం వెంట తరం సైన్యంలో చేరుతూనే ఉన్నారు. పేరు ఆ ఊరికి వచ్చింది గానీ, కొడుకుని మిలట్రీకి పంపి పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు కోసం చెవి ఒగ్గి కూర్చున్న ఇళ్లు గోదావరి డెల్టాలో చాలా ఊళ్లలో ఉన్నాయి. మా వీధిలోనే ఒకటి ఉంది.

ఆ ఇంటి పెద్దమ్మ ఈ మధ్య పెంకుటిల్లు విప్పించి డాబా వేయిస్తోంది. దూలానికి వేలాడే ఇనప తీగ ఒకటి దింపారు. శిస్తు రసీదులు, కరెంటు బిల్లులు, పసుపు అంచుల శుభలేఖలు, వాటి మధ్యలో పదకొండు ఇన్‌లాండ్ లెటర్లు. 1988లో పెద్దమ్మ కొడుకు శ్రీలంక నుంచి రాసినవి. పనివాళ్లు చెత్తలో వేసేస్తారేమోనని నా చేతికిచ్చి, చదివి పెట్టమంది.

పదకొండింటిలో ఒక్కచోట కూడా తుపాకీ అన్న మాట లేదు. కాలువలు కట్టేశారా, దాళ్వా ఊడ్పులు ఎంతవరకు వచ్చాయి, గేదె ఈనిందా, చెల్లి సంబంధం ఏమైంది, ఇవే. అన్నీ నాన్నగారి పేరు మీదే. పెళ్లాం ఎలా ఉందో నేరుగా అడగడానికి మొహమాటం, అందుకని ‘ఇంట్లో అందరూ’ అన్న మాట రెండుసార్లు రాస్తాడు. పైన ‘ఇక్కడ నేను క్షేమం’, చివర ‘ఉత్తరం అందగానే జాబు రాయగలరు’.

ఆ రోజుల్లో అక్కడ జరిగింది వేరు. 1987 జూలై 29న భారత్, శ్రీలంక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. శాంతి కాపాడటానికని వెళ్లిన మన సైన్యం అక్టోబరుకల్లా జాఫ్నాలో, వేరే తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్టీటీఈతో పోరాటంలో దిగింది. 1990 మార్చిలో ఆఖరి దళం తిరిగొచ్చేలోపు సుమారు 1,200 మంది మన సైనికులు చనిపోయారు. అది ఇంకో దేశపు అంతర్యుద్ధం. ఏ సందులో ఎవరు శత్రువో, ఎవరు కూరగాయలకు వెళ్తున్న మనిషో తెలియని చోటు. పైగా ఎదుటివాళ్లు మాట్లాడేది మన పక్క రాష్ట్రం భాష. ఇందులో ఏదీ ఉత్తరాల్లోకి రాలేదు. చిరునామాలో ఊరి పేరైనా ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. మంచు కొండల్లో ఉన్నా సముద్రం అవతల ఉన్నా ఇంటివాళ్లకు తెలిసేది అంతే.

అయితే అవి ఏమీ చెప్పని ఉత్తరాలు అనుకుంటే పొరపాటు. నేను చదవబోతుంటే పెద్దమ్మ ఆపి, ముందు తారీకు చెప్పమంది. ప్రతి దానికీ అంతే. మొదట నాకు అర్థం కాలేదు. ఆమెకు ఉత్తరంలో అసలు కబురు తారీకే. ఆ రోజుకి కొడుకు బతికి ఉన్నాడు, కూర్చుని రాసేంత ఒంట్లో బాగుంది. ఒకచోట రెండు ఉత్తరాల మధ్య నలభై రోజులు తేడా వచ్చింది. “ఆ నెల నాకు అన్నం సహించలేదు,” అంది.

అంతర్యుద్ధంలో సైనికుల ఉత్తరాలు అంటే ప్రపంచం ముందు అమెరికా పేరు చెబుతుంది. 1861 నుంచి 1865 దాకా ఉత్తరాది, దక్షిణాది కొట్టుకున్న యుద్ధం. రెండు వైపులా ఎక్కువమంది చదువు వచ్చినవాళ్లు. ఉత్తరాది సైనికుల్లో దాదాపు సగం మంది రైతులు. వాళ్లూ మొక్కజొన్న కోత గురించి, కంచరగాడిదను ఎంతకి అమ్మాలో అన్నదాని గురించి రాశారు. కానీ వాళ్ల ఉత్తరాలకు ఒక పద్ధతి ప్రకారం సెన్సార్ లేదు. ఎక్కడున్నారో, ఏం తిన్నారో, ఆఫీసరు ఎంత అసమర్థుడో, విరేచనాలతో ఎంతమంది మంచం పట్టారో రాసేశారు. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది జబ్బులతోనే పోయారన్న నిజం ఆ ఉత్తరాల్లో రోజువారీగా కనిపిస్తుంది. మన సైనికుల విషయం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన భారతీయ సైనికుల ఉత్తరాలు చదవడానికి బ్రిటిష్ వాళ్లు ప్రత్యేకంగా ఒక సెన్సార్ ఆఫీసే పెట్టారు. సెన్సార్ భయం ఒకవైపు, అమ్మ బెంగపెట్టుకుంటుందన్న భయం ఇంకోవైపు. ‘క్షేమం’ అన్న మాట ఆ రెండిటి మధ్య నిలబడింది.

అమెరికా ఉత్తరాల్లో అందరూ చెప్పుకునేది మేజర్ సలివాన్ బాలూ 1861 జూలై 14న భార్య సారాకు రాసినది. సరిగ్గా వారానికి బుల్ రన్ యుద్ధంలో గాయపడి తర్వాత చనిపోయాడు. గొప్ప ఉత్తరమే. నన్ను అంతకన్నా పట్టుకున్నది స్పాట్స్‌వుడ్ రైస్ ఉత్తరం. బానిసగా బతికి, ఉత్తరాది సైన్యంలో చేరిన నల్లజాతి మనిషి. 1864 సెప్టెంబరులో సెయింట్ లూయీ ఆస్పత్రి నుంచి, ఇంకా బానిసత్వంలోనే ఉన్న తన కూతుళ్లకు, మిమ్మల్ని విడిపించుకుని తీరతానని రాశాడు. ఒక బిడ్డను తన దగ్గర ఉంచుకున్న యజమానురాలికి విడిగా ఇంకో ఉత్తరం రాసి హెచ్చరించాడు. క్షేమం అని సర్దిచెప్పే ఉత్తరం కాదది. ఆ యుద్ధం దేనికోసం జరిగిందో నాకు చరిత్ర పాఠం కంటే అది బాగా చెప్పింది.

ఇంకో సంగతి గోదావరి గట్టున పుట్టినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 1862, 63 చలికాలంలో రాపహానాక్ నదికి ఆ గట్టున ఒక సైన్యం, ఈ గట్టున ఒక సైన్యం. దక్షిణాది వాళ్ల దగ్గర పొగాకు ఉంది, కాఫీ లేదు. ఉత్తరాది వాళ్ల దగ్గర కాఫీ ఉంది, పొగాకు లేదు. చిన్న చిన్న బొమ్మ పడవలకు తెరచాప కట్టి, గాలి చూసుకుని, పొగాకు ఇటూ కాఫీ అటూ పంపుకున్నారు. వాటితో పాటు పేపర్లు కూడా.

మరి ఆ అమెరికా ఉత్తరాలు 160 ఏళ్లు ఎలా మిగిలాయి? ప్రేమతో దాచుకున్నవి చాలా ఉన్నాయి, నిజమే. కానీ ఒక పెద్ద భాగం మిగిలింది పెన్షన్ వల్ల. 1862 చట్టం ప్రకారం చనిపోయిన సైనికుడి మీద ఆధారపడిన తల్లికి కూడా పెన్షన్ వస్తుంది. ఆధారపడ్డానని ఆమే రుజువు చేయాలి. ‘అమ్మా, ఇంత డబ్బు పంపిస్తున్నాను’ అని కొడుకు రాసిన ఉత్తరాన్ని, తన దగ్గర మిగిలిన ఆ ఒక్క వస్తువునీ, తల్లులు దరఖాస్తుకు జత చేశారు. అవి ఇప్పటికీ వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్లలో ఉన్నాయి. కొడుకు చేతిరాత ప్రభుత్వానికి ఇచ్చేస్తే గానీ తల్లికి తిండి గడవలేదు. ఈ విషయం తెలిసినప్పుడు నాకు చాలా బాధ అనిపించింది.

మన దగ్గర ఆ దారి కూడా లేదు. మనియార్డరు ఫారం కింద ముక్క మీద రెండు లైన్లు రాసే చోటు ఉండేది. మన సైనికుల ఉత్తరాల్లో సగం ఆ ముక్కలే అయి ఉంటాయని నా నమ్మకం. ఎవరూ దాచలేదు. డెల్టా తేమకు, చెదలకు, 1986 ఆగస్టు వరదకు, 1996 నవంబరు తుఫానుకు పోయినవి పోగా, మన ఆచారం ఒకటి ఉంది. చావు కబురు తెచ్చిన కార్డు ఇంట్లో ఉంచకూడదు, చదివి చింపేయాలి. ఆ ఆచారాన్ని నేను తప్పు పట్టను, ఆ కాగితం కళ్లముందుంటే ఎవరు బతకగలరు? కానీ ఒక కుటుంబం జీవితాన్ని మార్చిన ఉత్తరమే మన ఇళ్లలో అందరికన్నా ముందు మాయమైంది.

ఇంటి నుంచి వెళ్లిన జాబులైతే అసలే లేవు. కదులుతూ ఉండే సైనికుడు వాటిని ఎక్కడ మోస్తాడు? అమెరికాలోనూ ఇంతే, ఆడవాళ్లు రాసినవి తక్కువ మిగిలాయి. అందుకే కాగితం ఒక్కటే పోగు చేస్తే చాలదు. రాయించిన తల్లులు, చదివిపెట్టిన పోస్ట్‌మాన్లు, పక్కింటి పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పేది రికార్డు చేయాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు. ఫోన్‌తో స్కాన్ చేయడం వచ్చిన డిగ్రీ పిల్లలు, కాపీలు భద్రపరిచే ఒక చోటు కావాలి. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు మాజీ సైనికుల ఇళ్లు తెలుసు. శ్రీలంక నుంచి తిరిగొచ్చినవాళ్లలో చాలామందికి ఇప్పుడు అరవై దాటింది, పెద్దమ్మలాంటి వాళ్లకు ఎనభై దాటింది. వచ్చే ఏడాది చూద్దాం అనుకునే విషయం కాదిది.

ఆ ఉత్తరాలు రాసిన అన్నయ్య ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ ఊళ్లోనే ఉన్నాడు. ఆ రెండేళ్ల గురించి అడిగితే మాట మారుస్తాడు. ఉత్తరాలు స్కాన్ చేస్తానంటే వద్దనలేదు. మర్నాడు మాత్రం వదిన పెట్టెలోవి ఇంకో రెండు తెచ్చి చూపించాడు. ఆమె పేరు మీద రాసినవి అవే. వీటిని చదవొద్దు, స్కాన్ చేయొద్దు అన్నాడు. మడతలు విప్పకుండానే తిరిగి ఇచ్చేశాను.